నొప్పికి ఎన్ని పేర్లు! – వేలూరు ప్రయాణం

తెల్లవారుజామున కాట్పాడి జంక్షనులో రైలు ఆగగానే దిగే జనాన్ని చూసిన కొత్తవారికి, ఇది ఏదో పుణ్యక్షేత్రమేమో అన్న భ్రమ కలుగుతుంది. వంగదేశపు చీరకట్టుతో వృద్ధురాలు, అస్సాం గమోసా మెడలో వేసుకున్న రైతు, మన కోస్తా జిల్లాల కుటుంబాలు, బంగ్లాదేశ్ నుండి సరిహద్దు దాటి వచ్చిన దంపతులు – అందరూ ఒకే గుమ్మం వైపు నడుస్తారు. అయితే వారి చేతులలో ఉన్నవి పూలూ కొబ్బరికాయలూ కావు. ఎక్స్‌రే కవర్లు, మందుల చీటీలు, దారం కట్టిన ఫైళ్ళు. వీరు మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవారు కారు. దారి పొడవునా మొక్కుకుంటూ వచ్చినవారు.

మేము ముగ్గురం ఆ జనంలో కలిసి దిగాము. నేను, నా శ్రీమతి, ఆమె అక్కగారు. మాలో ఎవరికీ జబ్బు లేదు. వదినగారు ముప్పయ్యారు సంవత్సరాలు నర్సుగా పనిచేసి, పదవీ విరమణ పొంది కొన్నేళ్ళయింది. కాశీ తీసుకువెళతామంటే వద్దని, “ఒక్కసారి వేలూరు చూపించండి మరిదిగారూ, చాలు” అన్నారు. 1978లో కోస్తా ఆంధ్రలోని ఒక మిషన్ ఆసుపత్రి నర్సింగు పాఠశాలలో ఆమె చేరినప్పుడు, అక్కడి ప్రధానోపాధ్యాయిని వేలూరులో చదువుకున్నారట. ఏ చిన్న పొరపాటు జరిగినా, “మా వేలూరులో అయితే...” అని మొదలుపెట్టేవారట ఆవిడ. “ఆ మాటతో ఎన్ని తిట్లు తిన్నానో! ఆ ఊరేమిటో చూడకుండా పోతే ఎలాగ?” అన్నారు వదినగారు నవ్వుతూ.

కాట్పాడి నుండి పాలారు వంతెన దాటితే వేలూరు. ఏడాదిలో ఎక్కువ కాలం ఆ నదిలో ఇసుకే గాని నీరు కనిపించదు. నీరు లేని నది, రాజు లేని కోట, దేవుడు లేని గుడి, చెట్లు లేని కొండలు – ఇవే ఈ ఊరి వింతలని పూర్వం పరిహాసంగా చెప్పుకొనేవారు. వాటిలో ఒకటి ఇప్పుడు చెల్లదు. కోటలోని జలకంఠేశ్వరాలయంలో 1981లో శివలింగాన్ని తిరిగి ప్రతిష్ఠించారు. చుట్టూ నీటి కందకంతో నల్లరాతి కోట నేటికీ గంభీరంగా నిలిచి ఉంది. దాని ప్రాకారం లోపల గుడి, మసీదు, చర్చి మూడూ ఉన్నాయి. 1857 కంటె అర్ధశతాబ్దం ముందే, 1806 జూలై 10న సిపాయిలు తెల్లదొరలపై తిరగబడినది ఈ కోటలోనే. మన పెద్దలు ఈ ఊరిని రాయవేలూరు అనేవారు. 17వ శతాబ్దారంభంలో ఆరవీటి వంశపు విజయనగర ప్రభువులకు ఇది రాజధాని అయింది. కనుక తెలుగు పలుకు ఈ వీధులకు కొత్తది కాదు.

అయినా నేడు వేలూరు పేరు దేశమంతటా మారుమ్రోగుతున్నది కోట వలన కాదు, క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి వలన. దాని కథ మూడు తలుపు చప్పుళ్ళతో మొదలయింది. 1890ల తొలి సంవత్సరాలలో, దక్షిణాన తిండివనంలో, అమెరికను మిషనరీ వైద్యుడు ఒకాయన ఇంట ఆయన కుమార్తె ఐడా స్కడర్ కొద్దికాలం ఉండి పోదామని వచ్చింది. ఒకనాటి రాత్రి ముగ్గురు వ్యక్తులు ఒకరి తరువాత ఒకరుగా వచ్చి తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముసల్మాను, ఒకరు మరొక హిందూ కుటుంబీకుడు. ముగ్గురి భార్యలూ ప్రసవవేదనలో ఉన్నారు. తన తండ్రి వైద్యుడు, ఆయన వస్తారని ఐడా చెప్పింది. పరపురుషుడు తమ ఇంటి ఆడవారిని ముట్టుకోరాదని ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ మరణించారు.

ఆ రాత్రి ఐడా జీవితమార్గం మారిపోయింది. ఆమె అమెరికాకు వెళ్ళి, 1899లో కార్నెల్‌లో వైద్యపట్టా పొంది, 1900లో వేలూరుకు తిరిగివచ్చింది. 1902లో 40 పడకల ఆసుపత్రి వెలసింది. ఈ చరిత్రలో వదినగారికి అన్నిటికంటె ఇష్టమైన అంశం మరొకటి ఉంది. స్త్రీలకు వైద్య పాఠశాల ఇక్కడ 1918లో ప్రారంభమయింది. నర్సుల పాఠశాల మాత్రం అంతకు తొమ్మిదేళ్ళు ముందుగా, 1909లోనే ఏర్పడింది. “చూశారా! డాక్టరు ఒక్కరే ఏమీ చేయలేరని ఆ మహాతల్లికి ముందే తెలిసింది” అన్నారు ఆమె. గర్వం కంఠంలో దాచుకోలేకపోయారు. ఆ పాఠశాలే పెరిగి 1946లో కళాశాల అయింది. ఆ సంవత్సరమే ఢిల్లీలోను, వేలూరులోను నర్సింగులో డిగ్రీ చదువు ఆరంభమయింది. వైద్య కళాశాలలో పురుషులకు ప్రవేశం 1947లో లభించింది. మన గుంటూరులోనూ ఇటువంటి చరిత్రే ఉంది. 1883లో అక్కడికి వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ స్త్రీల కోసం స్థాపించిన ఆసుపత్రి 1898లో తలుపులు తెరిచింది.

ఆసుపత్రి ఎదుటి వీధికి ఐడా స్కడర్ పేరే పెట్టారు. ఆ వీధి మొగలో ఒక టీ దుకాణం బెంచీమీద కూర్చుని, లోపలికీ బయటికీ ప్రవహిస్తున్న జనాన్ని చూస్తూ, వదినగారు తన విద్యార్థి దశను గురించి చెప్పసాగారు.

ఆ రోజులలో నర్సు చదువుకు ఆడపిల్లను పంపటం సామాన్యమైన విషయం కాదు. ఇతరుల మలమూత్రాలు ఎత్తే పని అని బంధువులు ముఖం మీదనే అన్నారు. ఆమె తండ్రిగారు అవునని గాని కాదని గాని అనలేదు. బయలుదేరే రోజున పలకరించను కూడా లేదు. అయితే పాఠశాలవారు పంపిన జాబితాలో ‘సెకండ్ల ముల్లు ఉన్న చేతిగడియారం’ అని ఒక వస్తువు ఉంది. రైలు కదిలే ముందు ఆయన కిటికీలోనుంచి ఒక చిన్న పొట్లం అందించి వెళ్ళిపోయారట. విప్పి చూస్తే గడియారం! “ఆ గడియారంతో ఎన్ని వేల నాడులు లెక్కపెట్టానో” అన్నారు వదినగారు. నాడిని పావు నిమిషం చూసి నాలుగుతో గుణించటం ఆ పాఠశాలలో నేరం. ఒక నిమిషం పూర్తిగా పట్టుకోవలసిందే. లయ తప్పటం పావు నిమిషంలో తెలియకపోవచ్చునని వారి వాదన.

మొదటి నెలలు రోగిని ముట్టుకోనివ్వలేదు. పక్క వేయటమే చదువు. దుప్పటి మడత ఎక్కడా ముడతపడరాదు. ముడత ఉన్నచోట కదలలేని రోగి వీపు ఒరుసుకుని పుండవుతుంది కాబట్టి, అది అందం కోసం పెట్టిన నియమం కాదు. తరువాత వీపు తోమటం, ఒళ్ళు తుడవటం, పళ్ళు తోమించటం, బెడ్‌పాన్ పెట్టటం. గాజు సిరంజీలను నీళ్ళలో మరగబెట్టేవారు. సూదులు మొద్దుబారితే రాతిమీద పదును పెట్టేవారు. సెలైను సీసాకు లెక్క ఉన్నది. ఒక మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే గొట్టమైతే, 500 మిల్లీలీటర్లు 8 గంటలలో ఎక్కటానికి నిమిషానికి దాదాపు 21 చుక్కలు పడాలి. యంత్రాలు లేని కాలంలో ఆ చుక్కలను కంటితో చూస్తూ, గడియారంతో సరిచూసేవారు. మందు ఇచ్చే ముందు సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ – ఈ అయిదూ మనసులో జపించుకోవాలి.

“ఇవన్నీ పరీక్షలలో రాస్తే మార్కులు వచ్చాయి. కాని అన్నిటికంటె పెద్ద పాఠానికి పరీక్ష లేదు. ‘ముందు ముట్టుకో, తరువాత అడుగు’ అనేవారు మా టీచరుగారు. ఆ మాట నాకు అర్థం కావటానికి ఒక ప్రాణం పోవలసినంత పనయింది” అన్నారు ఆమె.

కొద్దిసేపు మౌనంగా ఉన్నారు. టీ చల్లారిపోయింది. ఈ సంగతి తన చెల్లెలికి కూడా ఎన్నడూ చెప్పలేదని తరువాత తెలిసింది.

శిక్షణ ముగించి ఆమె ఉద్యోగంలో చేరినది ఉత్తరాంధ్రలో, ఒడిశా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఆసుపత్రిలో. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగిన ఆమెకు ఒరియా భాష ఒక్క ముక్క రాదు. చేరిన మూడవ వారంలోనే స్త్రీల వార్డులో రాత్రి డ్యూటీ. ముప్పయికి పైగా రోగులు, ఒక్క నర్సు, ఒక్క ఆయా. ఆ సాయంత్రం సరిహద్దు అవతలి పల్లె నుండి ఒక బాలింతను తెచ్చారు. ప్రసవానంతరం రక్తస్రావంతో పాలిపోయి ఉంది. డాక్టరుగారు రక్తం ఎక్కించమన్నారు. సీసామీద పేరు, గ్రూపు, సంఖ్య సరిచూసి, నియమం ప్రకారం మొదటి పావుగంట పక్కనే నిలబడ్డారు వదినగారు. ఏమీ కాలేదు. ఇంతలో మరొక మంచం నుండి పిలుపు వచ్చింది.

తిరిగి ఆ దారిన నడుస్తుంటే ఆ బాలింత మెల్లగా ఏదో అంటున్నది. “జాడ... జాడ...” అని. జాడ! తెలుగు మాటే కదా! భర్త ఎక్కడికో వెళ్ళాడు కాబోలు, అతని జాడ అడుగుతున్నదని ఆమె అనుకున్నారు. “బయటే ఉన్నాడమ్మా, వస్తాడు, పడుకో” అని మంచం చివర నిలబడి చేయి ఊపి చెప్పి, చార్టు రాసుకోవటానికి బల్ల దగ్గరకు వెళ్ళిపోయారు. ఆ మాట మళ్ళీ వినిపించింది. మళ్ళీ అదే సమాధానం. మూడవసారి ఆ స్త్రీ అనలేదు. అనలేకపోయింది.

నీళ్ళ బకెట్టుతో వచ్చిన ఆయా ఇచ్ఛాపురం మనిషి. రెండు భాషలూ తెలిసినది. ఆ మంచం దగ్గర ఆగి, “సిస్టరుగారూ! ఈమె ఒణికిపోతోంది. చలేస్తోందని అంటే దుప్పటి ఇవ్వలేదేం?” అని అడిగింది.

ఒరియాలో జాడ అంటే చలి.

రక్తం ఎక్కుతుండగా రోగికి చలి పుట్టినదంటే, అది దుప్పటి కప్పి ఊరుకోవలసిన చలి కాదని నర్సింగు విద్యార్థికి మొదటి సంవత్సరం నుండీ చెపుతారు. శరీరం ఆ రక్తాన్ని సహించటం లేదనటానికి అది తొలి సూచన కావచ్చును. అది కేవలం జ్వరంతో పోవచ్చు, ప్రాణాంతకమూ కావచ్చు. ఏది అన్నది అప్పుడు తేలదు. కాబట్టి తక్షణం రక్తం ఆపివేయాలి. నరంలో దారి మూసుకుపోకుండా కొత్త గొట్టంతో సెలైను పెట్టాలి, డాక్టరును పిలవాలి, సీసా వివరాలు మళ్ళీ సరిచూడాలి. “అన్నీ చేశాను మరిదిగారూ! చేతులు వణుకుతూనే చేశాను. ఒక్క నియమం తప్పలేదు. కాని అప్పటికి ఎంతసేపు వృథా అయిందో నా చేతిగడియారానికి తెలుసు.”

తెల్లవారేదాకా ఆ స్త్రీ మంచం పక్క నుండి ఆమె కదలలేదు. డాక్టరుగారూ అక్కడే ఉన్నారు. అయిదు గంటలకు నాడి కుదుటపడింది. నాలుగు రోజుల తరువాత ఆ బాలింత బిడ్డను ఎత్తుకుని నడిచివెళ్ళింది. వెళుతూ తన భాషలో ఏదో చెప్పి, వదినగారి చేతులు కళ్ళకద్దుకుంది. “ఆమెకేం తెలుసు? ఆ చేతులే ఆ రాత్రి ఆమెను ముట్టుకోలేదు. మంచం చివర నుండి కాక, దగ్గరకు వెళ్ళి చేయి పట్టుకుని ఉంటే, ఆ వణుకు ఏ భాషలోనైనా తెలిసేది కదా!”

ఆ మరునాడే ఆమె ఆయా దగ్గర ఒరియా నేర్చుకోవటం మొదలుపెట్టారు. ముందు నొప్పి, చలి, దాహం, కళ్ళు తిరగటం, రక్తం, బిడ్డ. తరువాత కొండల నుండి వచ్చే గిరిజనుల భాషలలో అవే మాటలు. ఎక్కడికి బదిలీ అయినా మొదటివారంలో ఆ మాటలు సేకరించటం ఆమెకు అలవాటయింది. అయినా, మాట తెలిసిన తరువాత కూడా చేయి పట్టుకుని చూడకుండా జవాబు చెప్పటం మాత్రం ఆ రాత్రితో మానివేశారు.

ఈ కథ వినిన తరువాత వేలూరు వీధి నా కంటికి మరొకలా కనిపించింది. మందుల దుకాణంలో కుర్రవాడు ఒక చేత్తో మాత్రలు లెక్కపెడుతూ ఒకరితో తమిళంలో, ఇంకొకరితో బెంగాలీలో, మాతో తెలుగులో మాట్లాడాడు. వసతిగృహాల పైన బెంగాలీ అక్షరాలతో బోర్డులు, భోజనశాలల ముందు చేపల కూర ప్రకటనలు. దేశంలోని సగం భాషలు ఈ అరమైలు వీధిలో ప్రతి ఉదయం తమ బాధ చెప్పుకుంటాయి. ఆ బాధను వినవలసినవారిలో మొదటిది డాక్టరు కాదు. మంచం పక్క నిలబడే నర్సు.

మా మాటలు వింటూ పక్క బెంచీమీద కూర్చున్న ఒక యువతి ముందుకు వంగి, “మీరు నర్సాండీ?” అని అడిగింది. చిత్తూరు జిల్లా అమ్మాయి. చదువు ముగించి ఈ ఊరిలోని ఒక ఆసుపత్రిలో చేరి ఆరు నెలలయిందట. రాత్రి డ్యూటీ దిగి గదికి పోతూ టీ తాగటానికి ఆగింది. కళ్ళ కింద నీడలున్నాయి. ఉద్యోగం ఎలా ఉన్నదని వదినగారు అడిగారు. ఎన్నో తెలియని ముఖాలు, ఎన్నో తెలియని యంత్రాలు, తప్పు చేస్తానేమోనన్న భయంతో డ్యూటీకి ముందు అన్నం సహించకపోవటం – ఆమె చెపుతున్నంతసేపూ వదినగారు తల ఊపుతూనే ఉన్నారు. నలభై సంవత్సరాలలో సిరంజి మారింది, సీసా మారింది, టోపీ పోయింది. 1947 నాటి నర్సింగు చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. మొదటి రాత్రి డ్యూటీ భయం మాత్రం మారలేదు.

“భాషలతో ఇబ్బంది లేదా అమ్మా?” అని నేను అడిగాను.

ఆ అమ్మాయి నవ్వి, సంచిలోనుంచి ఒక చిన్న నోటుపుస్తకం తీసింది. అట్ట నలిగిపోయింది. లోపల గళ్ళు గీసి, ఎడమవైపు తెలుగు మాటలు, కుడివైపు నాలుగైదు భాషలలో వాటి అర్థాలు తెలుగు లిపిలోనే రాసుకున్నది. మొదటి వరుసలో నొప్పి. తమిళంలో వలి, మలయాళంలో వేదన, కన్నడంలో నోవు, బెంగాలీలో బ్యథా, హిందీలో దర్ద్. అస్సామీ దగ్గర ఒక ఆశ్చర్యార్థకం పెట్టి ఉంది. అస్సామీయులు నొప్పిని ‘విష’ అని రాసి, ‘బిఖ్’ అన్నట్టు పలుకుతారట. “ఒకాయన తన బాధ కాగితం మీద రాసి ఇస్తే, పక్క రోగి చదివి చెప్పాడండీ. విషమన్న మాట చెవిన పడగానే, ఏదో తాగేశాడేమోనని పరుగెత్తి డ్యూటీ డాక్టరును పిలిచాను! పాపం, వట్టి కడుపునొప్పి” అన్నది. మేమందరం నవ్వాము. వదినగారు నవ్వలేదు. “పిలవటమే మంచిది తల్లీ. అర్థం కానప్పుడు పరుగెత్తినవాళ్ళు తప్పు చేయరు. అర్థమయిందనుకుని ఆగిపోయినవాళ్ళు చేస్తారు” అన్నారు.

ఇప్పుడు ఫోనులే అనువాదం చేసి చెపుతున్నాయి కదా అని నా శ్రీమతి అన్నది. “చెపుతాయండీ, రోగి స్పష్టంగా మాట్లాడితే” అన్నది ఆ అమ్మాయి. “జ్వరంలో గొణిగేవాళ్ళ మాట దానికీ అర్థం కాదు. అప్పుడు నుదుటి మీద చెయ్యి వేసి చూడటమే.”

వదినగారు ఆమె వైపు చాలాసేపు చూశారు. ఇన్నేళ్ళ క్రితం తాను టీచరు నోట విన్న మాట, ఏ టీచరూ చెప్పకుండానే ఈ అమ్మాయి నోట వెలువడింది. ఇక ఆసుపత్రి లోపలి భవనాలు చూడాలన్న ఆత్రం కూడా ఆమెలో తగ్గిపోయినట్టు నాకు తోచింది.

లేచే ముందు వదినగారు ఆ నోటుపుస్తకం అడిగి తీసుకున్నారు. వేలితో వరుసలు చూసుకుంటూ, “చలి ఉన్నది... తమిళం రాశావు, బెంగాలీ రాశావు. ఒరియా లేదే?” అన్నారు.

“ఒరియా రోగులు నాకింకా తగల్లేదండీ.”

“తగులుతారు. రాసుకో.”

అమ్మాయి కలం తీసింది. వదినగారు ఒక్కొక్క అక్షరమే విడదీసి చెప్పారు. “జా–డ. మన జాడ కాదు సుమా! చలి. రక్తం ఎక్కుతుండగా ఎవరైనా ఈ మాట అంటే, ముందు రక్తం ఆపు. ఆ తరువాతే మిగిలినవన్నీ.”

ఆ అమ్మాయి రాసుకుని, కింద గీత గీసింది. ఎవరో చెప్పగా విన్న మాటలా కాక, ఎప్పుడో తనకే జరిగిన విషయంలా ఆ గీతను రెండుసార్లు దిద్దింది. తరువాత నమస్కారం చేసి, నిద్ర కళ్ళతో తన గది వైపు నడిచిపోయింది. ఆమె వెనుక, ఆసుపత్రి గుమ్మం వైపు, కాట్పాడి నుండి వచ్చిన మరొక బస్సు జనం ఫైళ్ళు పట్టుకుని దిగుతున్నారు.